గడియ బయటపక్క పెట్టినారు

మా పాప పొద్దున బడికి పోయేటప్పుడు లీటర్ బాటిల్ నిండా నీళ్ళు తీసుకుపోతుంది. సాయంత్రం ఆ బాటిల్ అట్లనే నిండుగా తిరిగొస్తుంది. ఇది చానా నెలలుగా జరుగుతా ఉంటే నేను గమనించనే లేదు, వాళ్ళమ్మే ఒకరోజు "ఈ పిల్ల నీళ్ళు తాగడం లేదు చూడు" అని బాటిల్ తెచ్చి నా ముందర పెట్టింది. మాది ఆదోని పక్కన పల్లె. ఇక్కడ మధ్యలో రెండు నెలలు చలి వచ్చి పోతుంది అంతే, మిగతాదంతా ఎండే. అట్లాంటి చోట పన్నెండేళ్ళ పిల్ల పొద్దున్నుంచి సాయంత్రం దాకా గుక్క నీళ్ళు తాగకుండా ఎట్లుంటుంది? అడిగితే మొదట ఏమీ చెప్పలేదు, తర్వాత తల దించుకొని "తాగితే పోవాల్సొస్తుంది కద నాన్నా" అనింది. పోతే ఏమైతుందమ్మా అంటే, "గడియ లేదు" అనింది.

అదీ సంగతి. ఆడపిల్లల బాత్రూం తలుపుకి లోపల గడియ ఊడిపోయి ఎన్నాళ్ళయిందో ఎవరికీ తెలీదు. ఒకరు లోపలికి పోతే ఇంకొకరు బయట తలుపు పట్టుకొని నిలబడాలి. ఆ తలుపు పట్టుకునే స్నేహితురాలు ఆరోజు బడికి రాకపోతే ఇక పోవడమే లేదు. తొమ్మిది, పది చదివే పెద్దపిల్లలు నెలలో ఆ మూడు రోజులు ఇంట్లోనే ఉండిపోతారంట, రిజిస్టర్లో మాత్రం జ్వరం అని రాస్తారంట.

ఇప్పుడు నా సిగ్గు సంగతి చెప్తా. నేను ఆ బడి కమిటీ మెంబర్ని. 2024 ఆగస్టులో రాష్ట్రమంతా స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలకి ఎన్నికలు పెట్టినారు కద, అప్పుడు మా పాప తరగతి తల్లిదండ్రులు చేతులెత్తి నన్ను ఎన్నుకున్నారు, నేను కూడా ఏదో పెద్ద పదవి వచ్చినట్టు ఆరోజు అందరికీ టీ తాపించినా. అప్పట్నుంచి మీటింగులకి పోతున్నా, మాట్లాడిందంతా రాసే మినిట్స్ బుక్కులో సంతకం పెడుతున్నా. పాప ఆ మాట చెప్పిన మర్నాడు పోయి పాత పేజీలు తిప్పి చూస్తే, వరసగా మూడు మీటింగుల్లో "మరుగుదొడ్లు వినియోగంలో ఉన్నవి" అని ఉంది, కింద నా సంతకం ఉంది. మంచి పెన్నుతో, బాగా పొడుగ్గా పెట్టిన సంతకం.

హెచ్ఎం సార్, అంటే మా హెడ్‌మాస్టర్, మంచాయనే. చెప్పగానే "అయ్యో, నా దృష్టికి రాలేదు సార్, రెండ్రోజుల్లో పెట్టిస్తా" అన్నారు, అన్నట్టే నాలుగో రోజు పెట్టించినారు. ఆ సాయంత్రం పాపని అడిగితే "పెట్టినారు నాన్నా, బయటపక్క" అనింది. నేను ఎగతాళి అనుకున్నా. శనివారం పోయి చూస్తే నిజమే, కొత్తగా తళతళలాడే గడియ, తలుపుకి బయటపక్క. విచారిస్తే తేలిందేమంటే, సెలవు రోజుల్లో బాత్రూముల్లోకి పందులు, కుక్కలు దూరుతున్నాయని వాచ్‌మన్ చానా రోజుల నుంచి మొత్తుకుంటున్నాడు, వడ్రంగికి "బాత్రూం తలుపులకు గడియ పెట్టు" అని మాత్రమే చెప్పినారు, వాచ్‌మన్ దగ్గరుండి తనకి కావాల్సిన చోట పెట్టించుకున్నాడు. ఎవరి తప్పూ లేదు. పందుల సమస్య కూడా నిజమే. కాకపోతే పందుల గురించి చెప్పేదానికి వాచ్‌మన్ ఉన్నాడు, ఆడపిల్లల గురించి చెప్పేదానికి మేము ఉన్నాం, మాలో ఒక్కరం కూడా ఆ తలుపు వెనక ఎప్పుడూ నిలబడినోళ్ళం కాదు.

ఆరోజు నుంచి ఒకటే మాట నా బుర్రలో తిరుగుతా ఉంది. బడి కమిటీలో పిల్లలు ఎందుకు లేరు? ఏదో ఒకరోజు పిలిచి అభిప్రాయం అడగడం గురించి కాదు నేను చెప్పేది. కుర్చీ, హాజరు, మినిట్స్‌లో వాళ్ళ పేరు, వాళ్ళ మాట వాళ్ళ మాటల్లోనే ఉండడం.

కొంచెం చదివినా దీని గురించి. విద్యా హక్కు చట్టం 2009లో చేసినారు, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దాంట్లో 21వ సెక్షన్ ఈ కమిటీ గురించే: మెంబర్లలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులు లేదా సంరక్షకులు ఉండాలి, సగం మంది ఆడవాళ్ళు ఉండాలి, బడికొచ్చే నిధులు ఎట్ల వాడుతున్నారో వీళ్ళే చూడాలి. ఇంతవరకు చానామందికి తెలుసు. తెలియనిది ఏమంటే కేంద్రం ఆ చట్టానికి 2010లో తయారు చేసిన నమూనా రూల్స్‌లో మిగిలిన పావు వంతు సీట్లని మళ్ళీ మూడు భాగాలు చేసినారు, ఒక భాగం స్థానిక సంస్థల్లో గెలిచినోళ్ళకి, ఒకటి టీచర్లకి, మూడోది "స్థానిక విద్యావేత్తలు" అని రాసి, పక్కన ఒక ఏటవాలు గీత గీసి, "బడిలోని పిల్లలు" అని రాసినారు. ఎవరిని తీసుకోవాలో కమిటీలోని తల్లిదండ్రులే తేల్చాలంట. అది చదివి నేను కుర్చీలోంచి లేచి నిలబడినా, నిజంగా. పిల్లల కుర్చీ ఆలోచన ఎవరో ఢిల్లీలో ఇంతకుముందే చేసినారు, ఒక గీత పక్కన పెట్టి వదిలేసినారు. ఆ గీతకి ఒకపక్క రిటైర్డ్ లెక్చరర్, ఇంకోపక్క ఎనిమిదో తరగతి పిల్ల ఉంటే మనవాళ్ళు ఎవరిని తీసుకుంటారో అడగాల్నా? రాష్ట్రాలు వాటి రూల్స్ అవి రాసుకుంటాయి అనుకోండి. మా కమిటీలో అయితే సార్లు, వార్డు మెంబరు, అంగన్‌వాడీ ఆమె, ఏఎన్ఎం, పొదుపు సంఘం అక్క, అందరూ ఉన్నారు. పిల్లలు లేరు.

తల్లిదండ్రులు ఉన్నారు కదా, పిల్లల తరఫున వాళ్ళే మాట్లాడతారు కదా అంటారు. మాట్లాడరు. మా మీటింగ్ పదకొండు గంటలకు పెడతారు, పత్తి తీసే రోజుల్లో పదకొండుకి మీటింగ్ అంటే ఒకరోజు కూలి పోయినట్టే, కాబట్టి వచ్చేది నాలాంటి షాపు పనులు చేసుకునేవాళ్ళు నలుగురైదుగురు, మిగతావాళ్ళ సంతకాలు తర్వాత ఇంటికి పంపించి పెట్టిస్తారు. వచ్చిన ఆడవాళ్ళు కూడా సార్ ముందర కుర్చీలో కూర్చునేదానికే సంకోచిస్తారు, గోడకి ఆనుకొని నిలబడతారు. ఇంకొకటుంది, ఇది మా పడమటి మండలాల సంగతి, కోసిగి, పెద్దకడుబూరు, మంత్రాలయం పక్క ఊర్లు తెలిసినోళ్ళకి బాగా తెలుసు. వానలు సరిగ్గా పడకపోతే జనవరి వచ్చేసరికి సగం ఊరు మిరపకాయలు కోసేదానికి గుంటూరు పక్క పోతుంది. ఇళ్ళకి తాళాలు. అవ్వా తాతల దగ్గర వదిలేసిన పిల్లలు మాత్రం ఊళ్ళో ఉంటారు, బడికొస్తారు. అంటే చట్టం ప్రకారం నాలుగింట మూడొంతుల సీట్లు ఎవరికిచ్చినారో వాళ్ళు ఊళ్ళోనే లేరు, ఒక్క సీటు కూడా ఇవ్వనోళ్ళు రోజూ బళ్ళో ఉన్నారు.

అట్లని మన బళ్ళల్లో పిల్లల నాయకత్వం లేదా అంటే ఉంది, భేషుగ్గా ఉంది. నేనే ఆరో తరగతి నుంచి తొమ్మిది దాకా క్లాస్ లీడర్ని. నా పని ఏమంటే, సార్ లేనప్పుడు క్లాసులో ఎవరు మాట్లాడితే వాళ్ళ పేరు బోర్డు మీద రాయడం. మళ్ళీ మాట్లాడితే పేరు పక్కన ఒక ఇంటూ మార్కు. ఇంకా మాట్లాడితే ఇంకో ఇంటూ. సార్ వచ్చి ఇంటూలు లెక్కపెట్టి అన్ని దెబ్బలు వేసేవారు. నాకు ఇష్టమైనోళ్ళ పేర్లు సార్ వచ్చే ముందర చేత్తో తుడిచేసేవాణ్ణి, బలపాలు, జామకాయలు బాగానే ముట్టేవి. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది కానీ చూడండి, మమ్మల్ని పిల్లల ప్రతినిధి అని పేరు పెట్టి నిలబెట్టింది నోరు మూయించే పనికి. లీడర్ అంటే సార్ చూపుడు వేలు అన్నమాట. పిల్లల తరఫున సార్ దగ్గరికి పోయి ఒక మాట చెప్పాలనే సంగతే నాలుగేళ్ళలో ఎవరూ నాకు చెప్పలేదు, నాకూ తట్టలేదు.

ఇంక స్వపరిపాలన దినోత్సవం. ఇది చదివే మీలో సగం మంది ఆరోజు చీరో పంచో కట్టినోళ్ళే. నేను పదో తరగతిలో హెడ్‌మాస్టర్ని. మా చిన్నాన్న ప్యాంటు, పొట్ట దగ్గర పిన్నీసు, తాత కళ్ళజోడు పెట్టుకుంటే ఎదురుగా ఉన్న మనిషి కనపడలేదు. ఒకడు కలెక్టర్, ఒకడు డీఈఓ, ఒక పిల్ల తెలుగు మేడంలాగా నడుస్తా ఉంటే ఆ మేడమే పడీపడీ నవ్వింది. నాకు మాత్రం ఆ కుర్చీలో కూర్చోగానే ఏదో నిజంగానే చేసేయాలనిపించింది. ఏడో తరగతి గదికి కిటికీ తలుపులు లేవు, వాన కొడితే ఆ పక్క రెండు వరసలు తడిసిపోయేవి. ఒక తెల్లకాగితం తీసుకొని "ఏడవ తరగతి గదికి కిటికీ తలుపులు పెట్టవలెను, ఇట్లు ప్రధానోపాధ్యాయులు" అని రాసి సంతకం చేసి, స్టాంపు కూడా అడిగి తీసుకొని వేసినా. సాయంత్రం అసలు హెడ్‌మాస్టర్ సార్ అది చదివి, "భలే రాసినావురా" అని భుజం తట్టి, నాకు ఒక స్టీలు గ్లాసు బహుమతి ఇచ్చినారు. ఆ గ్లాసు ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. ఆ కిటికీకి తలుపులు ఎప్పుడు వచ్చినాయో నాకు తెలీదు, నేను ఉన్నన్నాళ్ళు రాలేదు.

ఆ ఆట మానేయమని కాదు నేననేది, బాగుంటుంది, ఉండనీ. కానీ మనకి ఆట మీద ఉన్న మోజు అసలు దాని మీద లేదు. 2025 నవంబర్ 26న రాజ్యాంగ దినోత్సవం అని అమరావతిలో పిల్లలతో మాక్ అసెంబ్లీ పెట్టినారు, పిల్లలే స్పీకర్, పిల్లలే మంత్రులు, పిల్లలే ప్రతిపక్షం. ఎంత బాగా మాట్లాడినారో ఆ పిల్లలు, నేను ఫోన్లో చూసి మా పాపకి కూడా చూపించినా. చూసి అది ఏమనిందంటే, "వాళ్ళ స్కూల్లో గడియ ఉందేమో నాన్నా."

దాని మాట పక్కన పెట్టండి, డబ్బుల లెక్కే చూడండి. పిల్లల్ని బడికి పంపే అమ్మలకి డబ్బులిచ్చే అమ్మఒడి పథకం 2020లో మొదలైనప్పుడు 15 వేలు ఇచ్చినారు. మరుసటి ఏడు దాంట్లోంచి బాత్రూముల నిర్వహణకని వెయ్యి పట్టుకున్నారు, ఆ తర్వాత 2022లో బడి నిర్వహణకని ఇంకో వెయ్యి. ప్రభుత్వం మారింది, పథకం పేరు తల్లికి వందనం అయింది, 2025 జూన్‌లో అమ్మల అకౌంట్లలో 13 వేలు పడింది, 2 వేలు మళ్ళీ బడికే. పట్టుకోవడం తప్పని నేననను, ఎవరో ఒకరు ఖర్చు పెట్టాల్సిందే. కానీ ఏ పిల్ల పేరు మీద వచ్చిన డబ్బుల్లోంచి బాత్రూముకని తీసినారో ఆ పిల్లకి ఆ బాత్రూం గురించి అడిగే హక్కు లేదా? మధ్యలో కొన్నాళ్ళు టీచర్లతో రోజూ బాత్రూముల ఫొటోలు తీయించి యాప్‌లో పెట్టించినారు కూడా, పాపం సార్లు, బీఈడీ చదివి ఇదేం కర్మ అని ఏడ్చినారు. ఫొటోలో ఫినాయిల్ వేసిన నేల కనపడుతుంది. మధ్యాహ్నం మూడుకి కొళాయిలో నీళ్ళు రావని ఫొటోకి ఏం తెలుసు? ఫొటో తీసేదానికి బదులు రోజూ పోయే పిల్లని ఒక్క మాట అడిగి రాసుకుంటే అయిపోయేది.

ఈ అడక్కపోవడం చిన్నవాటిలోనే కాదు. 2019 నవంబర్‌లో ప్రభుత్వ బళ్ళకి ఇంగ్లీష్ మీడియం జీవో వచ్చినప్పుడు రాష్ట్రమంతా ఎంత గొడవైందో గుర్తుందిగా, నాయకులు మాట్లాడినారు, కవులు మాట్లాడినారు, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ జీవోలు కొట్టేసింది, ఆ తర్వాత ప్రభుత్వం తల్లిదండ్రుల దగ్గర ఆప్షన్ ఫారాలు తీసుకొని 96 శాతం మంది ఇంగ్లీషే అడిగినారు అని లెక్క చెప్పింది. ఇంగ్లీష్ కావాలా తెలుగు కావాలా అనే దాంట్లో నేను ఇప్పుడు తలదూర్చను, ఇంకో రోజు కొట్లాడుకుందాం. కానీ ఆ పుస్తకం ఎవరు చదవాలో వాళ్ళ దగ్గరికి ఒక్క ఫారం కూడా పోలేదు. దక్షిణాఫ్రికాలో సొవెటో పిల్లలు 1976 జూన్ 16న రోడ్డెక్కింది ఈ విషయం మీదే, మామీద తెల్లోళ్ళ ఆఫ్రికాన్స్ భాష రుద్దొద్దు అని. తుపాకులతో కాల్చినారు వాళ్ళని. ఆ దేశం స్వేచ్ఛ వచ్చినాక 1996లో స్కూళ్ళ చట్టం రాసుకున్నప్పుడు, ఎనిమిదో తరగతి, ఆపైన ఉన్న ప్రతి ప్రభుత్వ బడిలో పిల్లల కౌన్సిల్ ఉండాలి, అది ఎన్నుకున్న పిల్లలు బడి పాలకమండలిలో ఓటు హక్కుతో కూర్చోవాలి అని రాసింది. నెత్తురు పోసి తెచ్చుకున్న కుర్చీ అది.

సీమ వాళ్ళం మనం ఈ మాట ఇంకా బాగా అర్థం చేసుకోవాల. మమ్మల్ని అడక్కుండానే అన్నీ తేల్చేస్తారు అని కోస్తా నాయకులతో చేసుకున్న 1937 శ్రీబాగ్ ఒప్పందం నుంచి మొత్తుకుంటున్నాం కదా, రాజధాని పోయింది, నీళ్ళు పోయినాయి, కాగితం మీద రాసింది కూడా జరగలేదు అని టీ బంకు దగ్గర గంటలు గంటలు మాట్లాడతాం. ఇంటికొచ్చి పిల్ల నోరు తెరిస్తే "పెద్దోళ్ళు మాట్లాడుకుంటాంటే మధ్యలో నీకేం పని" అంటాం.

ఆ టీ బంకు దగ్గరే నా స్నేహితుడు ఒకాయన దీనికి పెట్టిన అడ్డం మాత్రం నేను కొట్టిపారేయలేను. "ఏమప్పా, ఉండే ఫ్యాక్షన్ చాలదా, బళ్ళో కూడా ఎలక్షన్లు పెట్టల్లనా?" అన్నాడు. ఆయన చెప్పింది నిజం. కమిటీ ఎన్నికలప్పుడే కొన్ని ఊర్లల్లో రెండు పార్టీలోళ్ళు గేటు దగ్గర మోహరించినారు. పిల్లల ఎన్నిక పెడితే రెడ్డోళ్ళ పిల్లోడా, బోయోళ్ళ పిల్లోడా, ఎస్సీ కాలనీ పిల్లని నిలబడనిస్తారా అనేది మొదటి రోజే మొదలవుతుంది. సార్లని ఎంపిక చేయమంటే ఇంకా ఘోరం, ఫస్ట్ ర్యాంకు పిల్లనే పంపిస్తారు, ఆ పిల్ల సార్ ముఖం చూసి మాట్లాడుతుంది.

నాకు తోచింది ఏమంటే చీటీలు వేయడం. ఊళ్ళల్లో పొలం గట్టు తగాదాకి, సర్పంచ్ ఎన్నికలో ఓట్లు సమానమైతే, చీటీయే కదా మనకి దిక్కు. ఇదేమీ కొత్త కాదు, తమిళనాడులో ఉత్తిరమేరూర్ గుడి గోడల మీద పదో శతాబ్దం చోళుల శాసనం ఉంది, ఊరి సభకి మెంబర్లని తాటాకు మీద పేర్లు రాసి కుండలో వేసి తీసేవాళ్ళు. ఆ తాటాకు కుండలోంచి తీసేది ఎవరో తెలుసా, పక్కన నిలబడిన చిన్న పిల్లోడు. వాడికైతే పక్షపాతం ఉండదని. చూసినారా, వెయ్యేళ్ళ కింద కూడా పిల్లోడి మీద అంత నమ్మకం ఉంది, కుండలో చెయ్యి పెట్టేంత వరకే.

ఇంక డబ్బుల వ్యవహారాల్లో పిల్లలకేం తెలుసు అనేదానికి జవాబు ఆ దక్షిణాఫ్రికా వాళ్ళే చట్టంలో రాసి పెట్టినారు. మైనర్ పిల్లలు బడి మీద గానీ బయటోళ్ళ మీద గానీ బాకీ, బాధ్యత పడే తీర్మానాలకి ఓటు వేయకూడదు. సరే, అట్లనే పెడదాం. బిల్లుల మీద, టీచర్ల సెలవుల మీద, బదిలీల మీద మాట్లాడేటప్పుడు పిల్లలు బయటికి పోతారు. కానీ అన్నం, నీళ్ళు, బాత్రూం, బస్సు టైము, దెబ్బలు, ఆటస్థలం, వీటి మీద వాళ్ళు ఉండాల, ఉండడమే కాదు మీటింగులో మొదటి అంశం వాళ్ళదే కావాల, ఎందుకంటే చివర్లో పెడితే అప్పటికే అందరూ లేచి చెప్పులు వేసుకుంటా ఉంటారు. ఏడు నుంచి పది దాకా ఇష్టమున్న పిల్లల పేర్లన్నీ డబ్బాలో వేసి ఇద్దరిని తీయండి, ఒకరు ఖచ్చితంగా ఆడపిల్ల, ఆరు నెలలకి మళ్ళీ చీటీ. వాళ్ళు చెప్పిన దానికి ఏం చేసినారో, చేయలేకపోతే ఎందుకు చేయలేదో తర్వాతి మీటింగులో చదివి వినిపించాల. మాకు రోజూ బిర్యానీ కావాలి అంటారేమో అని నవ్వుతారు కొందరు. అంటే అననీ, "కుదరదు, గుడ్డు మాత్రం ఉంటుంది" అని రాయండి. కుదరదు అనే మాట కూడా కాగితం మీద వినడం పిల్లలకి అలవాటు కావాలి కదా.

మా బావమరిది టీచరు, ఆయన బాధ వేరు. "మమ్మల్నే ఎవడూ అడగడు బావా, పై నుంచి మెసేజ్ వస్తుంది, చేస్తాం. మాకే లేని నోరు పిల్లలకిస్తావా?" అన్నాడు. నా దగ్గర దీనికి మంచి జవాబు లేదు. ఆయన చెప్పింది కూడా మినిట్స్‌లో రాయాలి అనుకుంటున్నా, అంతే.

పిల్లల హక్కుల మీద ఐక్యరాజ్యసమితి ఒప్పందం 1989లో వచ్చింది, మన దేశం 1992లో చేరింది, దాంట్లో 12వ ఆర్టికల్ పిల్లలకి సంబంధించిన ప్రతి విషయంలో వాళ్ళ మాట వినాలి, వయసుని బట్టి దానికి విలువివ్వాలి అంటుంది అని నేను మీటింగులో గొంతు పెంచి చెప్పినా. ఎవరూ వినలేదు. "గడియ బయటపక్క పెట్టినారు సార్" అంటే మాత్రం అందరూ ఒక్క నిమిషం ఊరుకున్నారు. అప్పుడు హెచ్ఎం సార్ "సరే, ఈసారికి ఇద్దరు పిల్లల్ని కూర్చోబెట్టుకుందాం, రికార్డులో మాత్రం వద్దు" అన్నారు.

పోయిన నెల కూర్చున్నారు. మా పాప కాదు, చీటీలో దాని పేరు రాలేదు, అలిగింది కూడా. ఎనిమిదో తరగతి పిల్ల ఒకటి, తొమ్మిది పిల్లోడు ఒకడు. ఆ పిల్ల మొదట పది నిమిషాలు నేల చూసుకుంటా కూర్చునింది. తర్వాత అంగన్‌వాడీ అక్క "చెప్పు తల్లీ" అంటే, లోపల గడియ కావాలి అని చెప్పి, ఆగి, "ఒక మేకు కూడా" అనింది. మేకు ఎందుకు? "కింద తడిగా ఉంటాది మేడం, చున్నీ యాడ పెట్టల్ల? నోట్లో పట్టుకుంటాం." గదిలో ఎవరికీ ఆ సంగతి తెలీదు. అంగన్‌వాడీ అక్క చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకునింది. పిల్లోడు వంతు వచ్చినప్పుడు వాడు నాలుగున్నర బస్సు గురించి చెప్పినాడు, బడి వదిలే టైముకి అది ఊరు దాటిపోతుంది, తర్వాతది ఆరున్నరకి, చీకటి పడుతుందని వాళ్ళ వీధిలో ఇద్దరు ఆడపిల్లలు మానేసినారంట.

చివర్లో సార్ మినిట్స్ రాసి నా ముందర పెట్టినారు. "పాఠశాల సౌకర్యాల గురించి చర్చించడమైనది." నేను సంతకం పెట్టలేదు. సార్, మేకు అని రాయండి అన్నా. ఆయన నా వైపు చూసి, పెన్ను మూత పెట్టి, మళ్ళీ తీసి, ఆ వాక్యం పైన ఖాళీలో సన్నటి అక్షరాలతో ఇరికించి రాసినారు: గడియ లోపల, మేకు 1, బస్సు డిపోకి లెటర్. పిల్లల పేర్లు రాయలేదు.

గడియ లోపలికి మారింది. మేకు ఇంకా కొట్టలేదు. మొన్న గురువారం సాయంత్రం పాప బ్యాగులోంచి బాటిల్ తీసి చూసినా, సగం ఉంది.